పదిహేడో నంబరు గుడ్డు

ముందు పోయినవాటి లెక్క చెబుతాను. మొత్తం ముప్పై నాటుకోడి గుడ్లు కొన్నాం. ఆరో తరగతి పిల్లలకు ఇరవై ఎనిమిది, పెద్దమేడానికి ఒకటి, నాకు ఒకటి. బడి సంచుల్లో, సైకిళ్ల మీద, కొట్లాటల్లో పగిలినవి తొమ్మిది. ఇళ్లలో పెనం మీదికో కూరలోకో పోయినవి అయిదు. పిల్లుల పాలైనవి రెండు. సొంతదారే మరిచిపోయి దాని మీద కూర్చోవడం వల్ల పోయింది ఒకటి. గుడ్డును ఎంత జాగ్రత్తగా పట్టుకోవాలో పిల్లలకు చూపిస్తుండగా నా చొక్కా జేబులోనే చితికింది ఒకటి. పెద్దమేడం గుడ్డు ఒకటి. అది ఎలా పోయిందో దాని వంతు వచ్చినప్పుడు చెబుతాను. ఇవి పందొమ్మిది. క్షేమంగా తిరిగి వచ్చినవి తొమ్మిది. వచ్చినట్టో రానట్టో తేలక తగువులో పడ్డవి రెండు. ముప్పైకి ముప్పై సరి.

ఇవి గుడ్లు మాత్రమే. ఇవి కాక పేజీలు అతుక్కుపోయిన లెక్కల నోటు పుస్తకాలు రెండు, నా తెల్లచొక్కా ఒకటి, ఒకే బెంచీ మీద కూర్చునే ఇద్దరు ఆడపిల్లల స్నేహం నాలుగు రోజులు. స్నేహం మళ్లీ కలిసింది. చొక్కా బాగుపడలేదు.

బడిలో నన్ను అందరూ లెక్కల సార్ అంటారు గానీ, పంతులు కావడానికి కావలసిన చదువు నేను చదవలేదు. నా లెక్కలు పుస్తకంలోవి కావు. ఆదిలాబాద్‌లో ఒక జిన్నింగు మిల్లులో పత్తి కాంటా దగ్గర చాలా ఏళ్లు పని చేశాను. అక్కడి ముసలి గుమాస్తా మరాఠీ ఆయన. ఆయనకు పావుల ఎక్కాలు, అరల ఎక్కాలు, ఒకటింబావుల ఎక్కాలు నోటికి వచ్చు. అరల ఎక్కాన్ని ఆయన ‘నిమ్కి’ అనేవాడు. పత్తి బండ్లు లేని పూట నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని నిమ్కి చెప్పించేవాడు. తప్పితే ఆ పూట చాయ్ నా వంతు. అలా నాకు అర అంటే భయం పోయింది. పూర్తి అంకెలను ఎవరైనా కలుపుతారు, అరలను కలిపినవాడిదే లెక్క అని ఇప్పటికీ నా నమ్మకం.

తర్వాత నేను మా సొంతూరికి, వేములవాడకు పోయే తోవలోని పల్లెకు వచ్చేశాను. ఊరి బడిలో లెక్కల టీచరు కుర్చీ ఖాళీగా ఉంది. పెద్దమేడం, అంటే మా బడి ప్రధానోపాధ్యాయురాలు, మనిషి మంచిదే గానీ తాళాలంటే పిచ్చి. బీరువాకు తాళం, సుద్దముక్కల పెట్టెకు తాళం, చివరికి గంట కొట్టే ఇనుపకడ్డీకి కూడా తాళం. ఆమె నన్ను పిలిచి, “టీచరు వచ్చేదాక జర మీరే చెప్పుండ్రి” అంది. టీచరు రాలేదు. నేను ఉండిపోయాను. లెక్కలతో పాటు శనివారం ఆఖరి పీరియడు కూడా నా నెత్తిన పడింది. అది విలువల పీరియడు. ఇంటికి పోయే గంట కోసం చెవులు నిక్కించుకుని కూర్చున్న పిల్లలకు ఆ సమయంలో సత్యం, ధర్మం, బాధ్యత చెప్పాలి.

మొదట పుస్తకం చదివించాను. “ఎల్లప్పుడును సత్యమునే పలుకవలెను” అని ఒకడు గట్టిగా చదువుతూ ఎడమచేత్తో పక్కవాడి పెన్ను దాచాడు. ఎవరు దాచారని అడిగితే చదవడం ఆపకుండానే తలూపి ఇంకొకడిని చూపించాడు. తర్వాత నాటకం వేయించాను. దొంగ, రాజు, నిజం చెప్పే పిల్లవాడు. నిజం చెప్పేవాడి వేషం ఎవరికీ వద్దు, అందరికీ దొంగ వేషమే కావాలి. “దొంగకు ఉరుకుడున్నది సార్. నిజం చెప్పేటోడు ఊకె నిలవడుడే గద!” అన్నారు. లెక్క సరిగానే ఉంది.

అప్పుడే పెద్దమేడం కరీంనగర్‌లో ఏదో శిక్షణకు పోయి వచ్చింది. అక్కడ చెప్పిన ఉపాయం ఇది: ఒక్కొక్క పిల్లకు ఒక్కొక్క పచ్చి గుడ్డు ఇవ్వాలి. వారం రోజులు దాన్ని పసిబిడ్డలా చూసుకోవాలి. బాధ్యత దానంతటదే వస్తుంది.

“మధ్యాహ్న భోజనం గుడ్లున్నయి గద, గవ్వే ఇద్దాం” అంది ఆమె.

అవి పిల్లల కడుపు లెక్కలో ఉన్నవి, బాధ్యత లెక్కలోకి తేకూడదన్నాను. ఇద్దరం చెరిసగం వేసుకుని అంగడిలో నాటు గుడ్లు కొన్నాం. ఒక్కొక్క గుడ్డు మీద స్కెచ్ పెన్నుతో నంబరు వేశాను. ఆ వారం నేను పిల్లలను కూడా నంబర్లతోనే పిలిచాను. ఇప్పటికీ ఆ తరగతిలో కొందరి పేర్లు నాకు గుర్తు రావు, నంబర్లు వస్తాయి.

సోమవారం గుడ్లు పంచి, బోర్డు మీద మూడు నియమాలు రాశాను. ఒకటి, ఈ వారం గుడ్డు బాధ్యత నీదే. రెండు, పగిలితే ఎలా పగిలిందో ఉన్నదున్నట్టు చెప్పాలి. మూడు, వచ్చే సోమవారం పగలకుండా తెచ్చి అప్పజెప్పాలి. గెలిచినవాళ్లకు బహుమానం కూడా పెట్టాం. పెద్దమేడం గదిలో అద్దాల తలుపుల బీరువా ఒకటి ఉంది. దాని నిండా కథల పుస్తకాలే. ఊరివాళ్లెవరో గల్ఫ్ నుంచి డబ్బు పంపిస్తే కొన్నవి. తెరిస్తే పాడవుతాయని పెద్దమేడం వాటిని తెరవనివ్వలేదు. ఆ బీరువా తాళంచెవి ఏడాది పాటు గెలిచినవారి దగ్గర ఉంటుందని నేను అందరి ముందూ అనేశాను. పెద్దమేడం నా వైపు చూసిన చూపును నేను లెక్కలోకి తీసుకోలేదు.

తాళంచెవి అనగానే మూడో వరుసలో ఒక అమ్మాయి నిటారుగా లేచి కూర్చుంది. పదిహేడో నంబరు. తండ్రి మస్కట్‌లో, తల్లి పొద్దున్నే కూలికి, ఇంట్లో నాయనమ్మ. మా వైపు నాయనమ్మను బాపమ్మ అంటారు. ఆ పిల్ల మధ్యాహ్నం తిండి తినగానే పళ్లెం కడిగి పెద్దమేడం గది కిటికీ దగ్గరికి పోయేది. అక్కడి నుంచి బీరువా అద్దంలో పుస్తకాల వీపులు కనిపిస్తాయి. కనిపించే పేర్లన్నీ ఆమెకు కంఠతా వచ్చు. ఒక్క పుస్తకం లోపల ఏముందో మాత్రం తెలియదు. తరగతిలో ఇరవై ఏడు మందికి గుడ్డు ఒక ఆట. ఆ ఒక్క పిల్లకు అది తాళంచెవి.

మర్నాటి నుంచి పొద్దున హాజరుతో పాటు గుడ్ల హాజరు.

“సార్, నాది పిల్లి తిన్నది.”

“యాడ పెట్టినవురా?”

“మస్తు భద్రంగ పెట్టిన సార్, గూట్లె.”

“పక్కన ఏమున్నది?”

“పాలగిన్నె.”

ఇంకొకడు బెంచీ మీది నుంచి లేవకుండానే ఏడుపు మొహం పెట్టాడు. “మా కాక దుబాయ్‌కెళ్లి వచ్చిండు సార్. నాటు గుడ్డు తినక మూడేండ్లయిందట.”

“మరి నీ బాధ్యత అని చెప్పలేదా?”

“చెప్పిన సార్. తిన్నంక, ‘నీ బాధ్యత మస్తు రుచిగున్నదిరా’ అన్నడు.”

నాలుగో నంబరు వాడి తండ్రికి బస్టాండు దగ్గర సైకిల్ దుకాణం. వాడు పంచరు అతుకుల డబ్బాలో దూది పరిచి, మధ్యలో గుడ్డును పెట్టి తెచ్చేవాడు. “మా అమ్మీ పరేషాన్ అయితుంది సార్. ఫ్యాను గాలికి గుడ్డుకు సర్ది అయితదని నేను ఫ్యాన్ బంజేస్తున్న. ఇంట్ల అందరికి ఉక్క.” వాడి ఇంట్లో నలుగురు చెమటలు కక్కుతుంటే ఒక గుడ్డుకు మాత్రం జలుబు చేయలేదు.

పదిహేడో నంబరు మంగళవారం గుడ్డు తెచ్చింది. బుధవారం తేలేదు.

“నీ గుడ్డేది?”

“ఉన్నది సార్.”

“ఏది మరి, చూపియ్యి.”

“భద్రంగ ఉన్నది సార్. చూపియ్యరాదు.”

“ఎందుకు రాదు?”

“చెప్పనని మా బాపమ్మకు మాటిచ్చిన.”

వెనక నుంచి ఇరవై మూడో నంబరు లేచాడు. వీడు పెద్దయ్యాక వకీలు కాకపోతే కోర్టులకే నష్టం. “తిన్నది సార్! తినేసి మాట మాట అంటుంది. నేను గూడ మా కాకకు మాటిచ్చిన అంటె ఊకుంటరా?” తరగతి అంతా నవ్వింది. ఆ పిల్ల నవ్వలేదు, ఏడవలేదు. కూర్చుంది.

శుక్రవారానికి సంగతి బయటపడింది. వాళ్ల వాడకట్టు పిల్ల ఒకతె చూసి వచ్చి చెప్పింది. “వాళ్లింట్ల కోడి పొదుగుకు కూసున్నది సార్. గుడ్డును దాని కింద పెట్టినట్టున్నది!”

ఇక తరగతి నా చేతిలో లేదు. “గట్లయితే బాధ్యత ఆమెది కాదు సార్, కోడిది!” “మేమేమో సంచిలల్ల మోసుకుంట తిరుగుతున్నం, ఆమె ఆరాముగ ఉన్నది!” “తాళంచెవి కోడికే ఇద్దాం సార్!” ఈ ఆఖరి మాట ఇరవై మూడుది. అప్పటి నుంచి హాజరులో ఆ అమ్మాయి పేరు వచ్చినప్పుడల్లా ఏదో మూల నుంచి కొక్కొక్కో అని వినబడేది.

నేను ఆమెను పక్కకు పిలిచి మెల్లగా అడిగాను. “కోడి కింద పెట్టినవా? అవునను, చాలు.”

“మీరే గద సార్, ఇచ్చిన మాట తప్పద్దని బోర్డు మీద రాసిండ్రు.”

రాసిన మాట నిజమే. కిందటి శనివారం పాఠం అది. దాని కింది వరుసలోనే ‘నిజం దాచరాదు’ అని కూడా ఉంది. రెండూ నా దస్తూరీయే. ఈ రెండింటిని కలిపితే ఎంతవుతుందో ఏ ఎక్కంలోనూ లేదు.

శనివారం బడి విడిచాక నేనే వాళ్లింటికి పోయాను. బాపమ్మ అరుగు మీద తునికాకు కత్తిరిస్తోంది. బీడీలు చుట్టే చేయి కాబట్టి నా వైపు చూస్తూనే ఆకును ఒక్కలా కత్తిరిస్తుంది.

“ఎవలు, లెక్కల సారా? రా కొడుకా, కూసో. మా పోరి ఏమన్న చేసిందా?”

“ఏం చెయ్యలే అవ్వా. గుడ్డు చూసిపోదామని వచ్చిన.”

లోపల గోడ మూలన గంపలో ఎర్ర కోడి ఒకటి ఒళ్లంతా పరుచుకుని కూర్చుని ఉంది. నేను వంగబోయాను.

“ఆగాగు! లెక్కవెట్టకు.”

“లెక్కవెట్టను, చూస్తనంతే.”

“నీ కండ్లకు చూసుడు రాదు కొడుకా, లెక్కవెట్టుడే వచ్చు. ఊరంత ఎరుకే. పొదుగు మీదున్న గుడ్లను లెక్కవెడితే పిల్లలు దిగయి.”

“పదిహేడు నంబరుది ఒక్కటి ఉన్నదో లేదో చెప్పు.”

“ఒక్కటి అన్నా లెక్కనే.”

జీవితంలో మొదటిసారి ఒక గంప ముందు లెక్కపెట్టకుండా కూర్చున్నాను. చాలా కష్టం. కోడి రెక్క పక్క నుంచి ఒక తెల్లని గుండ్రటి అంచు కనబడుతోంది. చూపు తిప్పుకున్నాను.

బాపమ్మ చెప్పుకుపోయింది. “పగులకుండ చూడాలె బాపమ్మా అని తెచ్చింది పోరి. గుడ్డు పగులకుండ ఉండుడేంది? గుడ్డు పుట్టిందే పగులనీకి. సంచిల ఏసుకోని ఊరంత తిప్పితే లోపలిది సచ్చిపోతది. కోడి పొదుగుకు సిద్ధంగుండె, కింద పెట్టిన. బడిల చెప్పద్దన్న. చెప్తే మీ పిల్లలు జాతరకొచ్చినట్టు వస్తరు. దిష్టి తాకుతది, కోడి లేస్తది. ఇంతకు గుడ్డు ఎవలది?”

“సరి నంబర్లు మేడంవి, బేసి నంబర్లు నావి. పదిహేడు నాది.”

“అయితె పాలుకిచ్చినట్టే.”

పాలు అంటే మా దిక్కు ఒక పద్ధతి. ఒకరి మేకను, ఆవును ఇంకొకరు సాకుతారు. పుట్టినదాంట్లో చెరిసగం. కాగితం ఉండదు, మాటే. “నేను పాఠం కోసమిచ్చిన అవ్వా, పాలుకు కాదు” అన్నాను. “పాఠమైతె ఏంది, గుడ్డు గుడ్డే గద. నీ గుడ్డు, నా కోడి. దిగినదాంట్ల సగం నీది. రేపు మా పోరి బడిసొమ్ము తిన్నదని ఎవ్వలు అనద్దు” అంది. మాట తేల్చి చెప్పి మళ్లీ ఆకు అందుకుంది. దిగేది పుంజేనని కూడా పందెం కాసింది. అది తప్పింది, తర్వాత పెట్ట అయింది. కానీ పందెం సంగతి ఎత్తితే ఇప్పటికీ ఒప్పుకోదు.

సోమవారం గుడ్లు అప్పజెప్పే రోజు. పెద్దమేడం కూడా తరగతికి వచ్చింది. తొమ్మిది వచ్చాయి. పదోదిగా ఇరవై మూడు తనది తెచ్చి బల్ల మీద దర్జాగా పెట్టాడు. ఎందుకో నాకు అనుమానం వచ్చి గుడ్డును వేళ్లతో గిర్రున తిప్పాను. బొంగరంలా తిరిగింది. పచ్చిగుడ్డు అలా తిరగదు.

“ఉడకవెట్టినవారా?”

“ఉడకవెట్టద్దని మీ రూల్ల లేదు సార్.”

మూడు నియమాలూ ఇంకోసారి చదువుకున్నాను. నిజంగానే లేదు. గుడ్డు పగల్లేదు కాబట్టి ఓడినట్టు కాదు, బతికి లేదు కాబట్టి గెలిచినట్టూ కాదు. తగువు గుడ్డు ఒకటి.

రెండో తగువు గుడ్డు పదిహేడుది. ఆమె లేచి నిలబడింది. “ఇంకో రెండు వారాలు ఆగుండ్రి సార్. తెస్త.”

“తాళంచెవి కోసం తొమ్మిదిమంది నిలవడ్డరు బిడ్డా” అంది పెద్దమేడం.

ఆ పిల్ల తలుపు అవతల గదిలో కనబడే బీరువా వైపు చూసింది. నాకు ఆ క్షణంలో తోచింది ఒకటే. పిల్లల ఇరవై ఎనిమిదిలో రెండు తేలకుండా ఖాతా మూయరాదు. కాంటా దగ్గర నేర్చుకున్న మొదటి పాఠం అది. ఆ మాటే అన్నాను.

“అంటె మీ లెక్క తేలేదాక నా బీరువా తెరువద్దు. గంతేనా?”

“గంతే మేడం.”

ఆమె మొహం వెలిగిపోయింది. తాళం ఇంకో రెండు వారాలు తన దగ్గరే ఉంటుంది కదా. తొమ్మిదిమందికి వాళ్ల గుడ్లు ఇచ్చి ఇంటికి పంపాను. కొక్కొక్కోలు ఆగలేదు. ఆ రెండు వారాల్లో పదిహేడో నంబరు ఒక్కసారీ చేయెత్తి జవాబు చెప్పలేదు. కిటికీ దగ్గరికి పోవడం మాత్రం మానలేదు.

రెండు వారాలు దాటిన బుధవారం, మొదటి పీరియడులో తలుపు దగ్గర బాపమ్మ నిలబడింది. పక్కన మనవరాలు, చేతిలో బట్ట కప్పిన చిన్న గంప. బట్ట తీసేసరికి పసుపు, గోధుమ కలిసిన కోడిపిల్ల ఒకటి కియ్యోమంది. దాని పక్కన గుడ్డు పెంకు సగం. పెంకు మీద నా దస్తూరీలో పదిహేడు.

తరగతి మొత్తం బల్ల చుట్టూ మూగింది. కోడిపిల్ల నా హాజరు పట్టీ మీదికి నడిచి, తను హాజరైనట్టు గుర్తు వేసింది.

“ఇగో, నీ పాఠం” అంది బాపమ్మ. “ఇప్పుడు లెక్కవెట్టుకో.”

అందరూ నవ్వుతున్నారు. ఇరవై మూడు మాత్రం చేయెత్తాడు. “సార్, మూడో రూలు చదువుండ్రి. పగులకుండ తేవాలె. ఆమెది పగిలింది.”

నవ్వులు ఆగిపోయాయి. వాడు చెప్పింది నిజమే. గుడ్డు పగలందే పిల్ల రాదు. నియమం రాసినప్పుడు నాకు ఈ ముక్క తట్టలేదు. బాపమ్మ వాడి వైపు చూసిన చూపుకు ఇంకొకడైతే బెంచీ కింద దూరేవాడు. వాడు చేయి దించలేదు.

పదిహేడో నంబరు గంపలోంచి పెంకు తీసి నా బల్ల మీద పెట్టింది.

“నిజమే సార్. పగిలింది.”

అని తన చోటికి పోయి కూర్చుంది. మూడు వారాలు కొక్కొక్కోలు భరించి, చివరికి ఆ రెండు మాటలతో తాళంచెవిని తనే వదిలేసుకుంది. ఈసారి బీరువా వైపు చూడలేదు. బల్ల మీది గీతలు చూస్తోంది.

నాలుగో నంబరు, సైకిల్ దుకాణం వాడు, లేచాడు. “సార్, నా గుడ్డు పగులలే. నేను గెలిచిన. మీరు తిరిగిచ్చినంక మా అమ్మీ కూర చేసింది. మస్తుండె. కని ఇప్పుడు గది లేదు సార్. ఆమెది నడుస్తుంది.”

తొమ్మిదిమంది మూలకు పోయి గుసగుసలాడుకున్నారు. ఇరవై మూడు కూడా అక్కడికి పోయాడు. “నాది గూడ పగులలే, నన్నూ కలుపుకోవాలె” అని తగవు పెట్టి పదోవాడిగా చేరాడు. కాసేపటికి వాళ్లు వచ్చి తాళంచెవి పదిహేడుకే అన్నారు. పదిమందీ చేతులెత్తారు. ఇరవై మూడు కూడా ఎత్తాడు.

“నువ్వేందిరా, ఇంతసేపు రూలన్నవు?”

“ఆమె రూలు ఒప్పుకున్నది సార్” అన్నాడు వాడు, కాస్త సిగ్గుపడి. “నేను ఉడకవెట్టిన దినం ఒప్పుకోలే.”

అందరం పెద్దమేడం గదికి పోయాం. ఆమె కొంగు ముడి విప్పి తాళంచెవి తీసింది. తీసినంత సేపు మేమంతా నిలబడే ఉన్నాం. పదిహేడో నంబరు రెండు చేతులతో అందుకుని, బీరువా దగ్గరికి పోయి, తాళం తిప్పి తలుపు లాగింది.

లాగగానే అందరం వెనక్కి గెంతాం. నేను చెప్పలేనంత వాసన.

“ఎలుక సచ్చినట్టున్నది” అంది పెద్దమేడం కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని.

ఆ పిల్ల ఒక్కతే వెనక్కి జరగలేదు. ఒక్కొక్క పుస్తకం తీసి బయట పెట్టింది. రెండో అరలో పుస్తకాల వెనక, చిట్లిపోయి, అరకు అంటుకుని ముప్పయ్యో నంబరు గుడ్డు ఉంది. మూడు వారాల కిందట పెద్దమేడం దాన్ని ఈ లోకంలో అన్నిటికన్నా భద్రమైన చోట పెట్టి, తాళం వేసి, మరిచిపోయింది.

పిల్లలకు నేను ఏమీ చెప్పనవసరం లేకపోయింది. ఇరవై ఏడు గొంతులు ఒక్కసారే లేచాయి. “మేడం! రెండో రూలు! ఎట్ల పగిలిందో ఉన్నదున్నట్టు చెప్పాలె!”

పెద్దమేడం నా వైపు చూసింది. నేను కిటికీ బయటికి చూశాను. ఆమె గొంతు సవరించుకుంది. “పెట్టి మరిచిపోయిన. పుస్తకాలు అటిటు సర్దినప్పుడు తాకినట్టున్నది. తప్పు నాదే” అంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నా విలువల పీరియడులో అంత శ్రద్ధగా విన్న మాట అదొక్కటే. చెప్పింది నేను కాదు.

పదిహేడో నంబరు అప్పటికే గుడ్డపేలిక తడిపి అర తుడుస్తోంది.

బాపమ్మ పోతూ పోతూ కోడిపిల్లను గంపలో వేసుకుని, “సగం నీది. పెద్దగయినంక లెక్క చూసుకుందాం” అంది.

తాళంచెవి చేతికి వచ్చిన మర్నాడు ఆ అమ్మాయి బీరువాకు ఒక పద్ధతి పెట్టింది. పుస్తకాలు ఊరికే ఇవ్వదట. పాలుకిస్తుందట. పుస్తకం తీసుకున్నవాళ్లు అందులో సగం కథ పొద్దున ప్రార్థన అయ్యాక అందరికీ చెప్పాలి. మిగతా సగం వాళ్లది, దాచుకోవచ్చు. ఎక్కడ నేర్చుకుందో అడగనవసరం లేదు. ఇరవై మూడు ప్రతి కథనూ కత్తి మెడ మీదికి వచ్చేదాకా చెప్పి, “ఇగ నా సగం” అని కూర్చునేవాడు. తరువాత ఏమైందో తెలుసుకోవడానికి ఆ పుస్తకం కోసం నలుగురు కొట్లాడేవారు. పెద్దమేడం రోజూ సాయంత్రం బీరువా ముందు నిలబడి ఖాళీలు చూసి గుండె చేత్తో పట్టుకునేది. పుస్తకాలు తిరిగి వచ్చేవి. కొన్ని అట్టలు లేకుండా వచ్చేవి, కానీ వచ్చేవి.

నేనూ ఒకటి తీసుకున్నాను. లావుపాటి కథల పుస్తకం. అంకెలు లేని పుస్తకాన్ని చివరిదాకా చదవడం నాకు అదే మొదటిసారి, అందుకే చాలా రోజులు పట్టింది. పుస్తకం తిరిగి ఇచ్చాను. చెప్పాల్సిన సగం మాత్రం అలాగే ఉండిపోయింది. ప్రార్థన అయ్యాక అందరి ముందు నిలబడి కథ చెప్పడమంటే కాంటా దగ్గర బస్తాలు చెప్పినట్టు కాదు. రేపు చెబుతానంటూ వచ్చాను. పరీక్షలు, తర్వాత ఎండాకాలం సెలవులు. మరుసటేడు, ఆ పై ఏడు కూడా రేపే. ఆ పిల్ల మండల కేంద్రంలో హైస్కూలుకు పోయింది. తాళంచెవి ఇప్పుడు ఇంకొకరి దగ్గర ఉంది. పాలు పద్ధతి మాత్రం అలాగే నడుస్తోంది.

మొన్న బస్సు దగ్గర ఇద్దరూ కనబడ్డారు, బాపమ్మ, మనవరాలు. వేములవాడ గుడికి పోతున్నారు.

“సారూ, నీ కోడి మంచిగున్నది” అంది బాపమ్మ. “అమ్మమంటె అమ్ముత, సగం ఇస్త. కోసుకుందామంటె సగం కూర పంపుత.”

రెండూ వద్దని, కోడిని ఉండనిమ్మని చెప్పాను. మనవరాలు ఇప్పుడు నా భుజం దాకా ఎదిగింది. “మరి నా సగం కథ ఏది సార్?” అంది.

నాకు వెంటనే లెక్క తట్టింది. “మీ దగ్గర నాది అర ఉన్నది. నా దగ్గర నీది అర ఉన్నది. అరకు అర చెల్లు. సరిపాయె గద?”

ఆ పిల్ల తలూపింది, అడ్డంగా. “కోడి లెక్క మా బాపమ్మది సార్. కథ లెక్క నాది. రెండు కలుపరాదు.”

బస్సు వచ్చింది. ఎక్కిపోయారు.

గుమాస్తా బతికి ఉంటే ఒప్పుకునేవాడు. వేరు వేరు ఖాతాలు కలపరాదని చెప్పింది ఆయనే. కాబట్టి ఈ రోజుకు లెక్క ఇలా ఉంది. నాకు రావలసింది అర కోడి. నేను ఇవ్వవలసింది అర కథ.